మా ఇంట్లోనే జ్వరం తగ్గకపోతే ఊరికేం చెప్పను?

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి వైపు కొండల్లో ఉన్న ఒక గిరిజన గ్రామం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. రూళ్ల కాగితాల మీద ఎనిమిది పేజీలు, ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో సహా రాశారు. కుదించి చెబుతాను.

ఆమెకు 27 ఏళ్లు. అత్తవారి ఊళ్లోనే నాలుగేళ్లుగా ఆశా కార్యకర్త. జ్వరం అన్నవాళ్లకు వేలు గుచ్చి మలేరియా కిట్టు మీద రక్తం చుక్క వేసి చూడటం, రక్తపూత తీసి పీహెచ్‌సీకి పంపడం, మాత్రలివ్వడం, దోమతెరలు పంచడం, ఇళ్ల గోడలకు దోమల మందు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి ఒప్పించడం ఆమె పని. ఇంట్లో అత్త, మామ, జీపు నడిపే భర్త, ఒకటో తరగతి చదివే పాప.

ఆగస్టులో పాపకు చలిజ్వరం వచ్చింది. తనే కిట్టు వేసి చూస్తే పీవీ పాజిటివ్, అంటే ఒక రకం మలేరియా. మాత్రలు మొదలుపెట్టారు. నాలుగో రోజున ఒక గర్భిణిని కాన్పుకు తీసుకెళ్లాల్సి వచ్చి మూడు రోజులు ఇంట్లో లేరు. అక్టోబరు నెలాఖరులో పాపకు మళ్లీ జ్వరం, మళ్లీ పీవీ. ఈలోగా కొత్త కొర్రలు తినే కొర్ర కొత్త పండగకని అత్తగారు ఇల్లంతా ఎర్రమట్టి, పేడ కలిపి అలికేశారు. ఇంట్లో మందు కొట్టి అప్పటికి నెల కూడా కాలేదు. మూడు దోమతెరల్లో ఒకటి కోడిపిల్లల గంప చుట్టూ ఉంది, ఒకటి చూరులో దోపి ఉంది, మూడోది ఆమె, భర్త వాడుతున్నారు. మామగారు రాత్రిళ్లు చేను కాపలాకు మంచె మీద పడుకుంటారు. ఆయనకు అప్పుడప్పుడూ వణుకు వస్తుంది, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, కోడలి దగ్గర మాత్రం పరీక్ష చేయించుకోరు. పాప నాయనమ్మ పక్కనే, పశువుల శాలను ఆనుకుని ఉన్న అరుగు మీద పడుకుంటుంది.

నవంబరు మొదట్లో గ్రామసభలో దోమతెరల గురించి ఆమె మాట్లాడుతుంటే ఒకావిడ లేచి, "ముందు నీ ఇంటి కాలవ శుభ్రం చేసుకో, నీ పిల్లకే రెండుసార్లు వచ్చింది, తర్వాత మాకు చెబుదువుగానీ" అంది. అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఇళ్లకు వెళ్లాలంటే ఆమెకు కాళ్లు రావడం లేదు. భర్త "అమ్మతో గొడవెందుకు, నర్సీపట్నంలో ఇల్లు తీసుకుందాం" అంటున్నాడు. పక్క ఊరి ఆశా కార్యకర్త, అత్త మీద సచివాలయంలో ఫిర్యాదు పెట్టమంది. "ఉద్యోగం మానేయనా, ఊరు వదిలేయనా, ఫిర్యాదు చేయనా? ఏది చేసినా నేనే ఓడిపోయినట్టు ఉంటుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పాపకు మళ్లీ మాత్రలు వేస్తున్నాను, ఇవాళ్టికి ఆరో రోజు" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆరో పేజీ దగ్గరే ఆగిపోయాను. "పాపకు వేడి చేస్తోందని అత్త అయిదో రోజున మాత్రలు ఆపేసిందట, మిగిలినవి మొన్న గోడ గూట్లో దొరికాయి" అని రాసి, వెంటనే కోడిపిల్లల గంప సంగతిలోకి వెళ్లిపోయారు. గంప గురించి పేజీన్నర, మాత్రల గురించి ఒకే ఒక్క వాక్యం.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. అత్తగారు తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "ఆగస్టులో పాపకు వేడి చేసిందన్నావు కదత్తా, ఏం చూశావు?" అని అడగండి. ఎందుకు ఆపావని అడగొద్దు. ఏం చూశావని మాత్రమే అడగండి.

"కడుపు పట్టుకుని ఏడ్చింది, కక్కుకుంది" అంటే అది ఖాళీ కడుపున ప్రైమాక్విన్ అనే మలేరియా మాత్ర వేస్తే వచ్చే బాధ. అన్నం తినిపించి వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అలా కాకుండా "ఉచ్చ నల్లగా, టీ డికాషన్‌లా పోసింది" అన్నా, "కళ్లు పచ్చబడ్డాయి, మొహం పాలిపోయింది" అన్నా సంగతి పూర్తిగా వేరు. కొందరికి రక్తంలో జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. గిరిజన కుటుంబాల్లోనూ ఇది కనిపిస్తుంది. అలాంటి పిల్లలకు ప్రైమాక్విన్ పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. అత్తగారి నోట ఆ మాట వస్తే ఇంకొక్క మాత్ర కూడా వేయకుండా అదే రోజు పాపను మెడికల్ ఆఫీసర్‌కు చూపించండి. ఆగస్టులో జరిగింది చెప్పి, ఎంజైము పరీక్ష గురించి అడగండి. తర్వాత ఏ మందు, ఎన్ని రోజులు అన్నది వాళ్లు తేలుస్తారు. ఈ ఒక్క ముక్క మీరిచ్చిన నంబరుకు ముందే మెసేజ్ పెట్టాను. సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా నడవాలని రాశారు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పాపను పొద్దున్నే పెరట్లోకి తీసుకెళ్లేది, మొహం కడిగేది, అన్నం పెట్టేది ఆవిడేనని మీరే రాశారు. మీరు ఊళ్లో లేని మూడు రోజులూ ఆ పిల్ల ఒళ్లు కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే. ఆవిడకు తెలిసిన మాట "వేడి". ఆ మాట వెనక ఏముందో ఎవరూ అడగలేదు. నేను ఏజెన్సీ పీహెచ్‌సీల్లో పదకొండేళ్లు డాక్టరుగా చేశాను. మొదటి రెండేళ్లూ ఇలా అడక్కుండానే ఎంతోమంది ముసలమ్మలను కసిరాను. ఇప్పటికీ ఆ మొహాలు గుర్తొస్తే బాధేస్తుంది.

ఇక రెండో జ్వరం. అత్త గోడలు అలికింది, మందు పోయింది, దోమ మళ్లీ కుట్టింది అని ఊరితో పాటు మీరూ నమ్ముతున్నారు. అలా జరిగి ఉండొచ్చు. కానీ నేనైతే ముందు గూట్లో దొరికిన మాత్రలనే అనుమానిస్తాను. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగిన క్రిములు మొదట కాలేయంలోకి చేరతాయి. కొన్ని అక్కడ పెరిగి రక్తంలోకి వస్తాయి, అప్పుడే చలి, వణుకు, జ్వరం. పీవీ, అంటే వైవాక్స్ అయితే మరికొన్ని కాలేయంలోనే నిద్రపోతాయి. కొన్ని వారాలకో నెలలకో లేచి మళ్లీ రక్తంలో పడతాయి. మొదటి మూడు రోజులు ఇచ్చే క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది. జ్వరం దిగుతుంది, పిల్ల లేచి ఆడుకుంటుంది, ఇంకా ఈ చేదు మాత్రలెందుకని ఏ నాయనమ్మకైనా అనిపిస్తుంది. నిద్రపోతున్నవాటి కోసమే ఆ 14 రోజుల ప్రైమాక్విన్. పాపకు అది అయిదో రోజునే ఆగింది. రెండు నెలలు దాటాక జ్వరం తిరగబెట్టింది.

ఇది మీకు తెలియని సంగతేమీ కాదు. ఎన్ని ఇళ్లలో మీరే చెప్పి ఉంటారో. నలుగురిలో మాట పడ్డాక మన మనసు ఆ మాట చుట్టూనే తిరుగుతుంది, చేతిలో ఉన్న మాత్రల అట్ట కంటికి ఆనదు. పైగా ఆ మూడు రోజులు నేను ఇంట్లో లేనే అన్న బాధ మీకుంది. అది రాయలేదు గానీ ఉత్తరమంతా తెలుస్తూనే ఉంది. మీరు ఒక కాన్పు కోసం వెళ్లారమ్మా. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారని రెండో పేజీలో మీరే రాశారు.

పాత క్రిమి లేచిందా, కొత్తగా దోమ కుట్టిందా అన్నది కిట్టు చెప్పలేదు, రక్తపూతా చెప్పలేదు. అందుకని గోడలు అలకడం వల్లే జ్వరం వచ్చిందని ఖాయంగా అనగలిగేవాళ్లు మీ ఊళ్లో ఎవరూ లేరు. ఇంట్లో జరుగుతున్న గొడవకు ఈ సంగతి చాలా ముఖ్యం.

సభలో ఆవిడ అన్న కాలవ మాట నాకూ గుచ్చుకుంది, ఎందుకంటే అది తప్పు. మురుగులో, కుళ్లు నీళ్లలో పెరిగేది క్యూలెక్స్ దోమ. బోదకాలు తెచ్చేది అది. మలేరియా తెచ్చే అనాఫిలస్‌కు శుభ్రమైన నీళ్లు కావాలి. మీ కొండల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి ఫ్లువియాటిలిస్. గెడ్డ, అంటే కొండ వాగు అంచున గడ్డి పెరిగి, నీళ్లు నెమ్మదిగా జారే చోట గుడ్లు పెడుతుంది. రెండోది క్యూలిసిఫేసీస్. వరి మడులు, పిల్ల కాలవలు, గెడ్డ తగ్గాక మిగిలే గుంటలు దాని తావు. మీరు బిందె ముంచుకునే ఊట దగ్గరే అది పుట్టి ఉండొచ్చు. మీ ఇంటి కాలవను రోజుకు రెండుసార్లు కడిగినా దానికి ఏమీ తేడా పడదు.

ఈ పొరపాటు పెద్దపెద్దవాళ్లకూ జరిగింది. మలేరియా క్రిమిని దోమలో వెతికిన బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టి, దాదాపు రెండేళ్లు దోమల పొట్టలు కోసి చూస్తూనే ఉన్నాడు. ఏమీ దొరకలేదు. ఆయన కోస్తున్నవి అసలు మనిషి మలేరియాను మోయలేని జాతులు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు ఆయన చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం వాటికి తాగించి, 20వ తేదీన ఒకదాన్ని కోస్తే దాని కడుపు గోడలో క్రిమి ఎదుగుతూ కనిపించింది. సరైన దోమ దొరికేదాకా ఆ రెండేళ్ల కష్టానికి ఫలితం రాలేదు. మీ ఊళ్లో కూడా అందరి కోపం కాలవ మీద ఉంది, దోమ గెడ్డ ఒడ్డున ఉంది.

ఆ సరైన దోమను మీరు ఒకసారి కళ్లారా చూడాలని నా కోరిక. ఇంకా తెల్లవారకముందు పశువుల శాలలోకి వెళ్లి, గోడ మీద, చూరు కింద టార్చి వేయండి. మామూలు దోమ గూని వీపుతో గోడకు సమానంగా వాలి ఉంటుంది. అనాఫిలస్ తల గోడకు ఆనించి, వెనక భాగం పైకి లేపి, ముల్లు గుచ్చినట్టు ఏటవాలుగా నిలబడుతుంది. రక్తం తాగి ఉంటే కడుపు ఎర్రటి పూసలా మెరుస్తుంది. నేను పనిచేసిన చోట దోమలు పట్టే ఉద్యోగి ఒకాయన గాజు గొట్టంతో నోటితో పీల్చి వాటిని పట్టేవాడు. ఒక తెల్లవారుజామున గొట్టం నా కళ్ల ముందుకు తెచ్చి చూపించాడు. వెంట్రుకల్లాంటి కాళ్లు, రెక్క అంచున నల్ల మచ్చలు, మధ్య మధ్య తెలుపు. గొట్టంలో అది చప్పుడు చేయకుండా తల వంచుకుని నిలబడి ఉంది. వార్డులో ఆ వారం మేం చూసిన పిల్లలంతా గుర్తొచ్చారు.

అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లి చూపించండి. మందు ఎందుకు కొడతారో ఆ గోడ దగ్గరే తేలిగ్గా చెప్పొచ్చు. రక్తం తాగిన దోమ బరువెక్కి దూరం పోలేదు. దగ్గర్లో ఉన్న గోడ మీద వాలి, తాగింది అరిగి గుడ్లు తయారయ్యేదాకా రెండు మూడు రోజులు విశ్రాంతి తీసుకుంటుంది. గోడ మీద మందు ఉంటే కాళ్లకంటి చస్తుంది. మందు కొట్టినా దోమలు కుడుతూనే ఉన్నాయని ఊళ్లో అంటారని రాశారు. కుడతాయి, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కుట్టిన దోమ ఇంకొకరి దాకా వెళ్లకుండా చూడటమే గోడ మీద మందు పని. మలేరియా ఉన్న మనిషి రక్తం తాగిన దోమ వెంటనే దాన్ని ఇంకొకరికి అంటించలేదు. క్రిమి దాని కడుపులో ఎదిగి, లాలాజలం దాకా రావడానికి మామూలు ఎండల్లో 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆలోపు దోమ మూడు నాలుగుసార్లు రక్తం తాగాలి, అన్నిసార్లూ ఎక్కడో ఒకచోట వాలాలి. అందులో ఒక్కసారి మందు గోడ మీద వాలినా చాలు, క్రిమి బయటపడకముందే దోమ పోతుంది. మనల్ని మంచాన పడేసేది బాగా ముదిరిన దోమే. ఇంటి గోడ దాన్ని అంతకాలం బతకనివ్వకూడదు. పైన మట్టి పూత పడితే దోమ కాలు మందుకు తగలదు.

అయితే అత్తగారు చెప్పిన కారణాలన్నిటినీ మీరు సాకులని కొట్టేశారు. వాటిలో సాకు నాకు కనపడలేదు. అలకని ఇంట్లో కొత్త తినడం ఆవిడకు ఊహకందని పని. అలాగే మందు కొట్టాక నల్లులు మంచాల్లోంచి బయటికొచ్చి పీక్కుతిన్నాయని ఆవిడ అంటే మీరు నవ్వారు. అది నిజంగా జరుగుతుంది. డీడీటీ కాలం నుంచీ నల్లులు ఆ మందుకు చావకుండా తట్టుకోవడం నేర్చాయి, పైగా మందు తగిలితే చిరాకెత్తి బయట తిరుగుతాయి. ఎన్నో ఊళ్లలో జనం మందు వద్దనడానికి ఇదొక పెద్ద కారణం. ముందు ఆ మంచాలు ఎండలో వేసి, నులక సందుల్లో సలసల కాగే నీళ్లు పోయించండి. నల్లుల సంగతి మీరు పట్టించుకున్నారని తెలిస్తే గోడల సంగతి ఆవిడ వింటారు.

గోడల విషయంలో మీకు రెండు మూడు దారులున్నాయి. మందు కొట్టేవాళ్లు ఎప్పుడొస్తారో ఊళ్లో అందరికన్నా ముందు తెలిసేది మీకే. వాళ్లు రావడానికి వారం ముందే అలికి ఆరబెట్టుకుంటే మందు మట్టి పైన పడుతుంది, 10 నుంచి 12 వారాలు పనిచేస్తుంది. అన్నిటికన్నా మంచిది ఇదే. కానీ పండగ తిథి, మందు తేదీ ప్రతి ఏడూ కలిసిరావు. ఈ ఏడు రాలేదు. అప్పుడు నేల, అరుగు, బయటి గోడలు అలికి, లోపలి గోడలు వదిలేయమని అడగొచ్చు. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు, పండగంటే లోపలి గోడలే కదా. ఒప్పుకోకపోతే పట్టుబట్టకండి. ఆ రెండు మూడు నెలలూ మీ భారమంతా దోమతెరల మీదే ఉందని గుర్తుపెట్టుకోండి.

తెరల దగ్గర మీరొక పొరపాటు చేశారని చెప్పక తప్పదు. గంప చుట్టూ కట్టిన తెర మీద అంత గొడవపడ్డారు, చూరులో ఇంకో తెర ఉండగానే పాప రెండు నెలలు తెర లేకుండా పడుకుంది. ఆ గంప తెర అప్పటికే చిరిగిందని రాశారు. దాన్ని కోడిపిల్లలకే వదిలేయండి. చూరులోది దించి, ఒక రోజు నీడలో ఆరేయండి. కొత్త తెర మందు ఘాటుకు కళ్లు మండాయని పాప ఏడిస్తే చూరులో దోపేశారని రాశారు, ఒక రోజు గాలికి ఆరితే ఆ ఘాటు తగ్గుతుంది. తర్వాత అరుగు స్తంభాలకే నాలుగు మూలలూ కట్టి, అంచులు చాప కిందికి దోపండి. పాపను లోపలికి తెచ్చి మీ తెరలో పడుకోబెట్టుకోవచ్చు, అదీ ఒక దారే. కానీ నాయనమ్మ కథ వినకుండా నిద్రపోని పిల్ల అర్ధరాత్రి లేచి బయటికి పోతుంది, అప్పుడు తెర లేని చోటే దొరుకుతుంది. ఈ దోమలు కుట్టేది చీకటి పడ్డాక, తెల్లారేలోపు. ఆ వేళల్లో పాప ఎక్కడ పడుకుంటే తెర అక్కడికే వెళ్లాలి. తెర ఉతకాల్సి వస్తే గెడ్డలో మాత్రం వద్దు, ఆ మందుకు చేపలు చస్తాయి. తొట్టిలో మామూలు సబ్బుతో ఉతికి, నీడలో ఆరేయండి.

మామగారి గురించి మీరు నాలుగు లైన్లే రాశారు. నాకు ఆయన గురించే ఎక్కువ ఆలోచన పట్టుకుంది. ఏళ్ల తరబడి మలేరియా ఉన్న చోట బతికినవాళ్ల ఒంట్లో క్రిమి ఉన్నా పెద్దగా జ్వరం రాకపోవచ్చు. దోమకు మాత్రం ఆ రక్తం నుంచి క్రిమి అందుతుంది. కోడలు వేలు గుచ్చడం ఆయనకు ఇష్టం లేకపోతే మగ హెల్త్ అసిస్టెంట్‌తో చేయించండి. ఆయన ఒక్కణ్ణే పిలిస్తే రారు. పాపకు వచ్చింది కాబట్టి ఇంట్లో అందరం చేయించుకుందాం అని మొదట మీ భర్త వేలు చాపితే, తర్వాత అత్తగారు, ఆ వెనక ఆయన వస్తారు. పీఎఫ్, అంటే ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం మలేరియా అని తేలితే ఆలస్యం చేయకూడదని మీకు చెప్పక్కర్లేదు. మంచెకు నాలుగు గుంజలుంటాయి, అక్కడా తెర కట్టొచ్చు. అందుకు ఇంకో తెర కావాలని ఏఎన్‌ఎంను అడగండి.

ఇప్పుడు మీ మూడు ప్రశ్నలు.

ఫిర్యాదు నాకు అస్సలు నచ్చలేదు. పెడితే ఎవరో వచ్చి ఆవిడను నలుగురి ముందు కేకలేస్తారు. ఆ రోజుకు మీ మాట నెగ్గుతుంది. తర్వాతి విడత మందుకు మీరు తలుపు తడితే ఊళ్లోని ముసలమ్మలంతా గడియ వేస్తారు. అంతకన్నా పెద్ద నష్టం, రోజంతా పాప ఉండేది ఆవిడ దగ్గరే. రేపు మళ్లీ 14 రోజులు మాత్రలు వేయాల్సి వస్తే వేసే చెయ్యి ఆవిడది.

నర్సీపట్నం వెళ్లడం తప్పేమీ కాదు. బడి, ఆస్పత్రి దగ్గరవుతాయి, కొత్తగా మలేరియా అంటుకునే భయం మీ కొండల్లో ఉన్నంత ఉండదు. కానీ వైద్యం పూర్తికాకపోతే కాలేయంలో నిద్రపోతున్న క్రిమి మీతోనే వస్తుంది. అక్కడ పాపకు జ్వరమొస్తే ఏజెన్సీ నుంచి వచ్చామని డాక్టరుకు మీరే చెప్పి రక్తపరీక్ష చేయించాలి, లేకపోతే మామూలు జ్వరమనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడి ఆశా పని, దాని మీద వచ్చే డబ్బు పోతాయి. అత్తమామలు ఒంటరివాళ్లవుతారు. పండగకు, పంటకు మీరు రాకుండా ఉండలేరు, వచ్చిన ప్రతిసారీ అదే అరుగు. పాప చదువు కోసం వెళ్తే సంతోషంగా వెళ్లండి, సభలో నవ్వారని మాత్రం ఇప్పటికిప్పుడు వెళ్లకండి. మీ ఆయన ఇల్లు మారదామంటున్నది తల్లితో మాట్లాడలేక అని నాకనిపిస్తోంది. ఆయనకు మాటలతో పనిలేని పని అప్పగించండి. అరుగు మీద, మంచె మీద తెరలు కట్టేది ఆయన. తల్లికి కొడుకు కట్టిన తెర విప్పడానికి చెయ్యి రాదు.

ఉద్యోగం మానేస్తే నేను మిమ్మల్ని తప్పుపట్టను. సొంత పిల్ల మంచాన ఉంటే ఊరిని చూడటం ఎంత కష్టమో తెలుసు. కానీ మీ స్థానంలో ఇంకొకరు వచ్చి కిట్టు చేతపట్టేదాకా, రాత్రి పూట జ్వరంతో వణికే పిల్లను ఎత్తుకుని ఏ ఇంటికి వెళ్లాలో మీ ఊరికి తెలియదు. అది కూడా లెక్కలో ఉంచుకోండి. మధ్యలో ఇంకో దారి ఉంది. జరిగిందంతా మీ ఏఎన్‌ఎంకు చెప్పి, కొన్నాళ్లు ఇళ్లకు తిరిగే పనిలో ఆమెను తోడు రమ్మనండి. మొదటి పది ఇళ్లు ఇద్దరూ కలిసి వెళ్తే పదకొండో ఇంటికి మీ కాళ్లు వాటంతటవే కదులుతాయి.

ఊరికి ఏం చెప్పాలని అడిగారు. జరిగింది చెప్పొచ్చు. నా పిల్లకు మాత్రలు మధ్యలో ఆగాయి, జ్వరం తిరగబెట్టింది అని. ఏ బొమ్మల అట్టల కన్నా ఆ మాట ఎక్కువ పనిచేస్తుంది. కానీ ఆ మాటలో మీ అత్తగారి పరువు కూడా ఉంది, ఆవిడను అడక్కుండా చెప్పకండి. నల్లుల మంచాలు కడిగాక, దోమను చూసి వచ్చాక, "వేడి" గురించి మీరు మనసు పెట్టి విన్నాక, ఆవిడే ఒకరోజు "ఆపింది నేనే అని నేనే చెబుతానులే" అనొచ్చు. అనకపోతే వదిలేయండి. ఆవిడ కట్టించిన తాయెత్తు పాప మెడలో ఉండనివ్వండి, మాత్రలకు అది అడ్డం రాదు.

పాపకు మళ్లీ ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు రక్తం చూడాలి, ఇది పోయిన నెలే అయిందిగా అనుకోవద్దు. ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలక్కుండా మగతగా ఉన్నా, నీళ్లు కూడా నిలవకుండా వాంతులైనా, కళ్లు పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకండి. బైక్ అంబులెన్స్ రాకపోతే డోలీ కట్టయినా కిందికి దించండి.

వచ్చే విడత మందు తేదీ పీహెచ్‌సీ నుంచి మీకు తెలిసిన సాయంత్రమే, ఇంకెవరికీ చెప్పకముందు అత్తగారికి చెప్పండి. ఎర్రమట్టికి ఏ రోజు వెళ్లాలో ఆవిడే లెక్క చూసుకుంటారు.